జాజికాయ పక్కన పెట్టి ఉగ్గుగిన్నె తీయమ్మా

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకు 16 నెలలు, 9 కిలోల బరువు. నిన్న సాయంత్రం నుంచి ఆరు వాంతులు, ఈ ఉదయం నుంచి నీళ్లలాంటి విరేచనాలు ఎనిమిది, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. ఇంగ్లిష్ మందుల జోలికి పోకుండా ఇంట్లోనే నాచురల్‌గా తగ్గించే దారి చెప్పమన్నావు. అత్తగారు జాజికాయ అరగదీసి నాకిద్దామంటున్నారు, పక్కింటావిడ పాలు ఆపేయమంటోంది, మీ ఆయన కొబ్బరిబోండాలు పట్టుకొచ్చారు. ముగ్గురూ పాప మీద ప్రేమతోనే చెబుతున్నారు, అందులో సందేహం లేదు.

నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా 31 ఏళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. నీకంటే చాలా పెద్దదాన్ని కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. అన్నిటికంటే ముందు నేనే ఒకటి అడుగుతాను. పాప చివరిసారి ఉచ్చ ఎప్పుడు పోసింది?

ఆరేడు గంటలుగా పోయలేదంటే ఇది చదవడం ఇక్కడితో ఆపి పాపను ఎత్తుకుని ఆసుపత్రికి బయలుదేరు. ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోయినా, నాలుక మీద వేలు పెడితే తడి తగలకపోయినా, కళ్లు లోపలికి పోయినట్టున్నా, పిలిస్తే పలకకుండా వేలాడిపోతున్నా అంతే. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి వదిలి చూడు. మామూలుగా అయితే వెంటనే సర్దుకుపోతుంది. ముడత అలాగే నిలబడి నెమ్మదిగా దిగితే ఒంట్లో నీరు బాగా తగ్గిందని అర్థం. అప్పుడు ఏ వంటింటి వైద్యమూ సరిపోదు.

డైపర్ వేస్తున్నావా? వేస్తే ఈ మూడు రోజులూ తీసేసి పాత కాటన్ గుడ్డ కట్టు. నీళ్ల విరేచనాలప్పుడు డైపర్‌లో ఉచ్చ ఏదో విరేచనం ఏదో కన్నతల్లికి కూడా తెలియదు. వార్డుకు వచ్చిన తల్లుల్లో చాలామంది "ఉచ్చ బాగానే పోస్తున్నాడు సిస్టర్" అనేవాళ్లు. విప్పి చూస్తే అదంతా విరేచనమే. తెల్లగుడ్డ మీదైతే ఉచ్చ రంగు కూడా కనపడుతుంది. ముదురు పసుపులో చుక్కలు చుక్కలుగా పోస్తుంటే నీళ్లు చాలట్లేదన్నమాట.

ఆ లక్షణాలేవీ లేవు, పాప కాస్త నీరసంగా ఉన్నా చుట్టూ చూస్తోంది, దాహమని చేయి చాస్తోంది అంటే ఇంట్లోనే నెట్టుకురావచ్చు. ఇక ఆ సంగతి చెబుతాను.

స్టమక్ ఫ్లూ అని నువ్వు రాసినదానికీ జలుబు చేసే ఫ్లూకీ సంబంధం లేదు. ఇది పేగుల్లో చేరే వైరస్. ఎక్కువగా రోటా వైరస్, నోరో వైరస్ లాంటివి. పేగు లోపలి పొర దీని దెబ్బకు పాడవుతుంది, కొత్త పొర రావడానికి కొన్ని రోజులు పడుతుంది. వాంతులు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. విరేచనాలు మాత్రం ఐదు నుంచి ఏడు రోజులు ఉంటాయి. మూడోరోజు కూడా మోషన్స్ అవుతున్నాయంటే వైద్యం పనిచేయలేదని కాదు, జబ్బు దాని దారిన అది నడుస్తోందని. ఇది ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. తెలియకపోతేనే మూడోరోజు ఇంకో వైద్యం, నాలుగోరోజు ఇంకో వైద్యం మొదలవుతాయి.

వైరస్‌ను ఇంట్లో చంపే మందు లేదు, డాక్టరు దగ్గరా లేదు. యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు. ఇంట్లోనైనా ఆసుపత్రిలోనైనా మనం చేసే పని, ఒంట్లోంచి పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి పోయడం, అంతే. అందుకే నువ్వు విన్న ప్రతి చిట్కాకూ ఒకే ప్రశ్న వేసుకో. ఇది పోయినదాన్ని నింపుతుందా, లేక విరేచనాన్ని ఆపుతుందా? నింపేవన్నీ దాదాపు మంచివే. ఆపేవాటిలోనే పిల్లలకు ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి.

జాజికాయ ఆ రెండో జాబితాలోది. అత్తగారి మీద కోపం తెచ్చుకోకు, మా అమ్మ కూడా నాకు సానరాయి మీద అరగదీసి నాకించిన మనిషే. రెండు గీతలకు ఏమీ కాకపోవచ్చు. కానీ ఎన్ని గీతలు, ఎంత గట్టిగా, రోజుకు ఎన్నిసార్లు అన్నదానికి లెక్క ఎవరి దగ్గరా లేదు. అందులో మైరిస్టిసిన్ అనే పదార్థం ఉంటుంది, మోతాదు మించితే మత్తు, గుండె దడ తెస్తుంది. మత్తుగా పడుకున్న పిల్లను చూసి ఇంట్లోవాళ్లు "నొప్పి తగ్గి నిద్రపోతోంది" అనుకుంటారు. నిద్రపోయే పిల్ల తాగదు. తాగని పిల్లలో నీరు ఇంకా తగ్గుతుంది. పైగా నీరు తగ్గినందువల్ల వచ్చే మగతా జాజికాయ మత్తూ ఒకేలా కనిపిస్తాయి. వార్డులో డ్యూటీ డాక్టర్లకే ఆ తేడా చెప్పడం కష్టమయ్యేది. అసలు ప్రమాదం అదమ్మా.

పూర్వం చాలా ఇళ్లలో ఇదే పనికి నల్లమందు వాడేవారు. ఇప్పుడు అది లేదు గానీ దాని చుట్టం ఒకటి మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. లోపరమైడ్ బిళ్ల. పెద్దవాళ్లు రైలెక్కేముందు వేసుకునేది. దాన్ని సగం విరిచి, పావు విరిచి పిల్లలకు ఇచ్చేవాళ్లను చూశాను. అది పేగు కదలికను బిగించేస్తుంది. విరేచనం బయటికి రావడం ఆగుతుంది, లోపల నీరు ఊరడం ఆగదు. పొట్ట డప్పులా ఉబ్బుతుంది. చిన్నపిల్లలకు అది అసలు వద్దు.

వస కూడా వద్దు. మాటలు బాగా వస్తాయని నాలుకకు రాస్తారు, వసపిట్ట అనే మాట కూడా అక్కడి నుంచే వచ్చిందంటారు. కానీ వస వాంతి తెప్పించేది. అసలే కక్కుతున్న పిల్లకు ఇంకెందుకు. కడుపు శుభ్రమవుతుందని ఆముదం పట్టడమూ వద్దు, అది విరేచనాలు అయ్యేందుకు ఇచ్చే మందు. దానిమ్మ తొక్క కషాయం వగరుతో పేగును బిగిస్తుందంటారు. ఆ వగరుకు వాంతి ఖాయం, ఉపయోగం అనుమానం. వాము నీళ్లు, జీలకర్ర నీళ్లు పలచగా రెండు మూడు చెంచాలైతే నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ కడుపులో ఇప్పుడు పట్టే చోటే కొంచెం. ఆ చోటును వాము నీళ్లతో నింపితే అసలుదానికి చోటు ఎక్కడిది?

పొట్ట మీద వాతలు పెట్టించుకుని వచ్చిన పిల్లల్ని కూడా చూశాను. దాని గురించి వాదించను. ఎవరైనా ఆ మాట ఎత్తితే పాపను తీసుకుని ఆ ఇంట్లోంచి బయటికి నడువు. దిష్టి తీస్తామంటే మాత్రం తీయనివ్వు. మిరపకాయల పొగ పాప ముక్కుకు తగలకుండా పెరట్లో కాల్చమను, అంతే. పెద్దవాళ్ల మనసు కుదుటపడితే మిగతా విషయాల్లో నీ మాట వింటారు.

ఇక నింపేవాటి సంగతి. నువ్వు నాచురల్ అన్నావు కదా, ఉప్పు, చక్కెర, నీళ్లు కంటే నాచురల్ ఏముంది? ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అంటే అవే, కొలత తప్పకుండా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న లెక్క ప్రకారం లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. అన్నీ కలిపితే 20.5 గ్రాములు. ప్యాకెట్ వెనక ఈ అంకెలు వెతుక్కుని చూసి కొను.

ఉత్త మంచినీళ్లు చాలవా అని అడుగుతావేమో. వట్టి నీళ్లు ఈ స్థితిలో పేగులోంచి సరిగా లోపలికి వెళ్లవు, పోయిన ఉప్పు కూడా తిరిగి రాదు. పేగు గోడలో ఒక తలుపు ఉంది, ఉప్పూ గ్లూకోజూ జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది. ఆ రెండూ వెళితే వాటి వెనకే నీళ్లూ వెళతాయి. విరేచనాలు ఎంత అవుతున్నా ఈ తలుపు చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఈ కిటుకు మీదే 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల దగ్గర డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరాను ఎదుర్కొన్నారు. సెలైన్ సీసాలు అయిపోతే ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువుల చేతే గ్లాసులతో తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. తాగించింది నర్సులు కాదమ్మా, తల్లులు, అన్నదమ్ములు, తోటి శరణార్థులు. నువ్వూ చేయగలవు.

కలపడంలోనే చాలామంది తప్పు చేస్తారు. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. ఒక పెద్దావిడ మనవడికి త్వరగా బలం రావాలని లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసు నీళ్లలో కలిపి రోజంతా తాగించింది. ఆ పిల్లవాడు వచ్చేసరికి దాహంతో అల్లాడిపోతూ, ముట్టుకుంటే ఉలిక్కిపడుతూ ఉన్నాడు. రక్తంలో ఉప్పు పెరిగిపోయింది. అది త్వరగా దించితే మెదడు వాస్తుంది, అందుకని చుక్క చుక్కగా రెండు రోజుల పాటు సెలైన్ ఎక్కించి దించారు. బతికాడు. ఆవిడ ఆ రెండు రోజులూ వార్డు గుమ్మంలోనే కూర్చుంది, అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి నేను ఎవరికి ప్యాకెట్ ఇచ్చినా లీటరు నీళ్ల సీసా చూపించి మరీ చెప్పేదాన్ని. ఇప్పుడు 200 మి.లీ.కి కలుపుకునే చిన్న ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. నీ చేతిలో ఉన్నది ఎంతకో చదివి, అంతే నీళ్లు కొలిచి పోయి. కాచి చల్లార్చిన నీళ్లలో కలుపు, కలిపాక మళ్లీ కాచకు, పాలు గానీ జ్యూస్ గానీ చేర్చకు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలుపు.

అర్ధరాత్రి ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లకు టీస్పూనుతో ఆరు స్పూన్ల చక్కెర, అర స్పూను ఉప్పు. ఎగబోసిన స్పూను కాదు, పైన వేలితో గీసి సమానం చేసినది. ముందు నువ్వు నోట్లో వేసుకో. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోయి. ఇది తెల్లారేదాకా గడపడానికే, తెల్లారాక ప్యాకెట్ తెప్పించు. మీ ఊరి పీహెచ్‌సీలోనూ ఆశా కార్యకర్త దగ్గరా ఉచితంగా ఇస్తారు.

ఇంకొక జాగ్రత్త. టెట్రా ప్యాక్‌లో తియ్యగా, పండు రుచితో, పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న పానీయాలు చాలాకాలం మెడికల్ షాపుల్లోనే అమ్మారు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు తక్కువ. అంత చక్కెర పేగులోకి నీళ్లను ఇంకా లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశమిచ్చింది. ఇంట్లో ఫ్రిజ్‌లో పాతవి ఉన్నాయేమో చూడు. కూల్ డ్రింకులు, సోడా, డబ్బా జ్యూసులు, ఉప్పు లేని గ్లూకోజ్ పొడి నీళ్లు, ఇవన్నీ అదే కోవ.

ఇప్పుడు తాగించే పద్ధతి. అసలు వైద్యం ఇదే కాబట్టి కాస్త ఓపికగా చదువు. వాంతి అయిన వెంటనే తల్లులు చేసే పని, దాహంగా ఉందని అర గ్లాసు ఒక్కసారే పట్టడం. పొట్ట సాగి అదంతా బయటికొస్తుంది. "ఓఆర్‌ఎస్ కూడా నిలవడం లేదు" అని బెంగపడి మానేస్తారు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఏమీ ఇవ్వకు. మూతి తుడిచి భుజాన వేసుకుని తిప్పు. ఆ తర్వాత టీస్పూనుతో ఒక్క స్పూను. ఒకటి రెండు నిమిషాలు ఆగి ఇంకొకటి. టీస్పూను అంటే 5 మి.లీ. రెండు నిమిషాలకొకటి చొప్పున గంటకు 150 మి.లీ. లోపలికి పోతుంది. చూడటానికి పిసరంత, లెక్క కడితే ముప్పావు గ్లాసు. ఇంత వాంతుల్లోనూ చెంచా చెంచాగా పట్టింది చాలావరకు నిలుస్తుంది.

అటక మీద మీ పెట్టెలో ఉగ్గుగిన్నె ఉందా? దించు. ముక్కులాంటి ఆ వార నుంచి కొద్దికొద్దిగా పోయడానికి దాన్ని మించిన పనిముట్టు నేను ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. లేకపోతే మందు సీసాతో వచ్చే సూది లేని సిరంజి, బుగ్గ లోపలి వైపుకు పెట్టి నెమ్మదిగా వదులు. పాల సీసాతో మాత్రం వద్దు, దాహానికి గబగబా లాగేసి మళ్లీ కక్కుతారు.

ఎంత పట్టాలంటే రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి నీళ్ల విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ. మీ పాప బరువుకు 90 దాకా పట్టు. స్పూన్లలో పద్దెనిమిది. పెద్ద విరేచనమైతే ఎక్కువ, బట్టకు అంటుకున్నంతైతే తక్కువ. ఒక కాగితం గోడకు అంటించి విరేచనం, వాంతి, ఉచ్చ, పట్టిన స్పూన్లు గీతలు గీసుకో. రాత్రి రెండింటికి నువ్వు, నాలుగింటికి మీ ఆయన, తెల్లవారుజామున అత్తగారు. జాజికాయ అరగదీయడానికి ఉన్న ఓపిక అత్తగారికి స్పూను పట్టడానికీ ఉంటుంది. ఆవిడకు ఏదో ఒక పని అప్పగించు, "మీరు పడితేనే తాగుతోంది అత్తయ్యా" అను. నేను చెప్పినట్టు అనకు సుమా.

రుచికి పాప ఉమ్మేస్తే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇచ్చి చూడు, చాలామంది అలా తాగుతారు. ఇంకో సంగతి, ఒంట్లో నీరు నిజంగా తగ్గిన పిల్లలు దీన్ని అమృతంలా తాగుతారు. తగ్గనివాళ్లకే వెగటు. మూతి తిప్పుకుని గుడ్లెర్రజేసి ఏడుస్తోందంటే నాకైతే సంతోషమే.

తల్లిపాలు ఇంకా తాగుతోందా? ఒక్క పూట కూడా ఆపకు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వు. పక్కింటావిడ చెప్పింది తప్పు. గేదెపాలు, ఆవుపాలు తాగే పిల్ల అయినా వాంతి నెమ్మదించాక మామూలుగా ఇవ్వొచ్చు, నీళ్లు కలిపి పలచన చేయనక్కర్లేదు. కొందరికి మాత్రం పేగు పొర దెబ్బతిన్నాక కొన్నాళ్లు పాలు అరగవు. విరేచనం పుల్లని వాసనతో నురగగా వస్తూ, పిర్రల మధ్య ఎర్రగా ఒరిసిపోతుంటే డాక్టరును అడిగి కొద్దిరోజులు పాల బదులు పెరుగు పెట్టు. పెరుగులో ఆ పాలచక్కెరను సూక్ష్మజీవులు ముందే కొంత తినేసి ఉంటాయి. ఎరుపుకు కొబ్బరినూనె రాసి, సబ్బు లేకుండా నీళ్లతో కడుగు.

మీ ఆయన తెచ్చిన కొబ్బరినీళ్లు మధ్యమధ్యలో నాలుగు స్పూన్లు పర్వాలేదు. అందులో పొటాషియం బాగానే ఉంటుంది గానీ మనకు కావలసిన ఉప్పు చాలా తక్కువ. ఓఆర్‌ఎస్‌కు బదులు అవి మాత్రమే పడితే కుదరదు. గంజి మాత్రం నాకు చాలా ఇష్టం. అన్నం వార్చిన గంజిలో చిటికెడు ఉప్పు వేసి గోరువెచ్చగా పట్టడం మన అమ్మమ్మలకు ఎవరు చెప్పారో తెలియదు గానీ సరిగ్గా చెప్పారు. బియ్యంలోని పిండి పేగులో మెల్లగా గ్లూకోజ్ అవుతుంది, అదే తలుపు తెరుస్తుంది. ప్రెషర్ కుక్కర్లు వచ్చాక గంజి వార్చడం పోయింది, ఈ వారమైనా గిన్నెలో అన్నం వండు. వెన్న తీసి బాగా నీళ్లు పోసిన మజ్జిగలో ఉప్పు, పెసరపప్పు కట్టులో ఉప్పు, ఇవీ అంతే మంచివి. గుర్తుంచుకో, పసిపిల్ల కదా అని ఉప్పు వేయకుండా ఇస్తే అసలు ఉపయోగం పోతుంది. చిటికెడే, గుప్పెడు కాదు.

లంఖణం పరమౌషధం అని మనకో మాట ఉంది. పెద్దవాళ్లకు ఒక పూట సరే, 9 కిలోల పిల్లకు అది పనికిరాదు. పస్తు పెడితే పేగు పొర తిరిగి రావడానికి సరుకు ఎక్కడిది? వాంతులు కాస్త సద్దుమణగగానే, నాలుగైదు గంటల్లోనే, మెత్తగా ఏదైనా మొదలుపెట్టు. పెరుగన్నం మెత్తగా పిసికి, ఇడ్లీ, పెసరపప్పు వేసిన పలచటి కిచిడీ, మాగిన అరటిపండు. సగ్గుబియ్యం జావ కడుపుకు హాయిగానే ఉంటుంది, కానీ అది వట్టి పిండి. మూడు రోజులూ అదే పెడితే పిల్ల చిక్కిపోతుంది. మొలకెత్తించిన రాగుల పిండి ఉంటే దాని జావ కాచు. మొలకెత్తిన గింజ పిండిని పలచన చేస్తుంది కాబట్టి చిక్కగా కాచినా తేలిగ్గా దిగుతుంది. బంగ్లాదేశ్‌లో ఉడికించిన పచ్చి అరటికాయ గుజ్జు అన్నంలో కలిపి పిల్లలకు పెట్టి చూశారు, విరేచనాలు త్వరగా తగ్గాయి. మన అరటికాయే, నూనె కారాలు లేకుండా ఉడికించి మెత్తగా మెదిపితే చాలు. ఆపే చిట్కాల్లో నేను సంతోషంగా ఒప్పుకునేది ఇదొక్కటే. మూడు స్పూన్లు తిని మూతి తిప్పేస్తే బలవంతం చేయకు, గంట ఆగి మళ్లీ పెట్టు. తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు వస్తుంది.

జింక్ గురించి నువ్వు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు. స్పూను నీళ్లలో గానీ తల్లిపాలలో గానీ వేస్తే కరిగిపోయే బిళ్ల, ఓఆర్‌ఎస్‌తో పాటే పీహెచ్‌సీలో ఇస్తారు. అది మందు కాదు, ఖనిజం, కాబట్టి నీ నాచురల్ నియమానికి భంగం లేదు. ఈసారి విరేచనాల రోజులు తగ్గుతాయి, తర్వాతి రెండు మూడు నెలలు మళ్లీ రాకుండా కూడా కొంత కాపు కాస్తుంది. మూడోరోజుకు మోషన్స్ ఆగగానే అందరూ మానేస్తారు. 14 రోజులూ వేయి. ప్రోబయాటిక్ పొడి ప్యాకెట్ల మీద మాత్రం డబ్బు ఖర్చు పెట్టమని చెప్పను. 2018లో అమెరికాలోనూ కెనడాలోనూ వందలమంది చిన్నపిల్లల మీద చేసిన రెండు పెద్ద పరీక్షల్లో వాటివల్ల తేడా కనపడలేదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఉండగా అవెందుకు?

జ్వరానికి గోరువెచ్చని గుడ్డతో తుడువు. పాప జ్వరంతో చిరాకుపడి తాగడం మానేస్తే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వడం తప్పు కాదు. నీ పట్టుదల కోసం పిల్లను బాధపెట్టకు. ఐబుప్రోఫెన్ ఉన్న సిరప్ మాత్రం ఇప్పుడు వద్దు, నీరు తగ్గిన ఒంట్లో అది కిడ్నీలకు మంచిది కాదు. రెండూ కలిపిన సిరప్‌లు వస్తున్నాయి, సీసా మీద చదువు. వాంతులు మరీ ఎక్కువైతే డాక్టరు ఒక్క డోసు వాంతి మందు ఇవ్వొచ్చు, దానివల్ల తాగించడం సులువై సెలైన్ తప్పిన పిల్లలు చాలామంది. అది మీరై కొని వేసేది కాదు.

పళ్లు వస్తున్నాయి, అందుకే విరేచనాలు అని ఎవరైనా అంటే నమ్మకు. ఈ వయసులో పళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటారు, జబ్బు అలా వస్తుంది. ఇంట్లో మిగతావాళ్లకు అంటకుండా సబ్బుతో చేతులు కడుక్కోండి. శానిటైజర్ నోరో వైరస్ మీద సరిగా పనిచేయదు. వాంతి గుడ్డలు విడిగా వేడినీళ్లలో ఉతుకు.

టీకాల కార్డు తీసి చూడు. 6, 10, 14 వారాలకు నోట్లో వేసే రోటా వైరస్ చుక్కలు పడ్డాయా? మన దేశంలో 2016లో మొదట ఆ చుక్కలు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా తయారైంది కూడా హైదరాబాద్‌లోనే. పడి ఉంటే జబ్బు వచ్చినా సాధారణంగా అంత తీవ్రంగా రాదు. పడకపోతే ఇప్పుడు వేయించే వయసు దాటింది, రెండోబిడ్డకు గుర్తుంచుకో. టీకా రాకముందు చలికాలం వచ్చిందంటే మా వార్డులో ఒక్కో మంచానికి ఇద్దరేసి పిల్లలు ఉండేవారు. నేను రిటైరయ్యే ముందు ఏళ్లలో ఆ కట్ట తెగినట్టు రావడం కళ్లముందే తగ్గింది.

ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు పైన కొన్ని చెప్పాను. మిగతావి: విరేచనంలో రక్తం, వాంతి ఆకుపచ్చగా రావడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, స్పూను స్పూనుగా పట్టినా రెండు మూడు గంటల పాటు ఏదీ నిలవకపోవడం, ఫిట్స్, ఆయాసం, జ్వరం బాగా పెరగడం. ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్ల ఉండుండి మోకాళ్లు పొట్టకు ముడుచుకుని కెవ్వుమని ఏడ్చి, కాసేపటికి సోలిపోయి, మళ్లీ అలాగే ఏడుస్తుంటే, విరేచనంలో జిగురుతో కలిసిన ఎరుపు కనపడితే, అది వైరస్ కాకపోవచ్చు. పేగులో పేగు దూరిన సందర్భం కావచ్చు. అర్ధరాత్రైనా సరే బయలుదేరు. దారి పొడుగునా స్పూను మాత్రం ఆపకు, పేగు దూరిందన్న అనుమానం గానీ, ఆకుపచ్చ వాంతి, ఉబ్బి గట్టిపడిన పొట్ట, ఫిట్స్, పిలిస్తే పలకనంత మగత గానీ ఉంటే తప్ప. అప్పుడు నోటికి ఏమీ ఇవ్వకుండా తీసుకెళ్లు.

ఇప్పుడు వెళ్లి ప్యాకెట్ కలుపు. రేపు పొద్దున ఆ కాగితం చూసి మూడు అంకెలు ఇక్కడ రాయి: రాత్రి ఎన్ని స్పూన్లు నిలిచాయి, ఎన్ని విరేచనాలయ్యాయి, గుడ్డ మీద ఎన్నిసార్లు ఉచ్చ పోసింది. నేను ఐదింటికే లేస్తాను, చూస్తాను.